గెడ్డలో తెల్ల ఎలుకలు

కిల్లో కనకను కుసుంగూడలో చాలాకాలం ఆస్పత్రి కనక అనే పిలిచారు. ఊరికి పైన, కాఫీ తోటల వెనక, గోడ మీద ముళ్ళతీగ చుట్టిన పొడుగాటి మేడ ఒకటుంది. ఆమె పొద్దున్నే అక్కడికి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేది. ఏం పనే అని అడిగితే, “ఆస్పత్రిలో మంచాలు తుడుత్తాను” అనేది. రోగులెవరే అంటే, “బయటినుంచి వొత్తారు, మనకి తెలిసినోళ్ళు కారు” అనేది. ఇంటికి రాగానే గుమ్మం తొక్కకుండా పెరట్లోనే కుంకుడురసంతో తల రుద్దుకునేది. ఆస్పత్రిలో పనిచేసేవాళ్ళు అలాగే చేస్తారు కాబోలు అనుకున్నారు ఊళ్ళోవాళ్ళు.

అబద్ధం ఆడటానికి ఆమెకొక కారణం ఉంది. ఆ మేడలో ఉండేవి ఎలుకలు. పెళ్ళికాని రోజుల్లో ఒకసారి అరకు సంతకు వెళ్ళి, ఒక కొట్టు ముందు నిలబడి ఉప్పు అడిగింది. కొట్టాయన దిగువనుంచి వచ్చి స్థిరపడినవాడు. పక్కన కూర్చున్న మనిషితో, “వీళ్ళకేం, కూర కొనే పనే లేదు. పొలంలో ఎలకని పట్టుకుంటే పూట గడిచిపోతుంది” అని నవ్వాడు. కోతలయ్యాక కళ్ళంలో ఎలుకలు పట్టి వండటం కనక ఇంట్లో నిజంగానే ఉంది. అమ్మ వాటిని నిప్పుల మీద కాల్చి, బొచ్చు గీకి, ఉప్పూ పసుపూ రాస్తుంటే పిల్లలంతా పొయ్యి చుట్టూ చేరేవాళ్ళు. ఆ నవ్వు విన్న తర్వాత మాత్రం ఎలుక అన్న మాటే నలుగురిలో అనబుద్ధి కాలేదామెకు. అలాంటిది, ఎలుకలకు మేతపెట్టి, వాటి పెంట ఎత్తి జీతం తెచ్చుకుంటున్నానని ఎవరితో చెబుతుంది? మొగుడు ఫల్గుణకు చెప్పింది. అతను అరకు రోడ్డు మీద ఆటో నడుపుతాడు. “ఎవులికీ సెప్పకు. నవ్వుతారు” అన్నాడు. అంతే.

కనక నాకు ఈ సంగతులన్నీ చెప్పింది ఆ పని మానేశాక. చెబుతూ మధ్యమధ్య ఆగిపోయి మొహం పక్కకి తిప్పుకునేది. అందుకే నాకు తోచిన వరసలో రాస్తున్నాను.

ఆ మేడ మూడు సంస్థల ఉమ్మడి సొత్తు. మూడూ మెదడు జబ్బుల మీద పరిశోధన చేస్తాయి. మూడూ వేరువేరు ఊళ్ళలో ఉన్నాయి. ఎవరికి వారు ఎలుకలను పెంచుకోవడం భారమని, ముగ్గురూ కలిసి ఒక్కటే జంతుశాల పెట్టుకున్నారు. అరకు కొండల్లో చల్లగా ఉంటుంది, స్థలానికి కొరత లేదు, పనికి మనుషులు దొరుకుతారు. అక్కడే పిల్లలు పెట్టించి, పెంచి, అక్కడే ఆపరేషన్లు చేసి, ఎవరికి కావలసిన లెక్కలు వాళ్ళు రాసుకుని వెళ్ళిపోతారు. మనిషి నోట్లోకి వెళ్ళకముందు ఏ మందైనా ముందు ఈ ఎలుకల ఒంట్లోకి వెళ్ళాలి. ఇక్కడ ఎక్కువగా చూసేది మూర్ఛ మందులు. ఎలుక తల మీద చర్మం కోసి, పుర్రెకు సన్నటి మరలు బిగించి, పళ్ళ డాక్టర్లు వాడే గులాబిరంగు సిమెంటుతో చిన్న టోపీలాగా అతికిస్తారు. ఆ టోపీలోంచి తీగలు బయటికొస్తాయి. తర్వాత ఒక సూది మందుతో ఎలుకకు మూర్ఛ తెప్పిస్తారు. అది కొట్టుకుంటుంటే తీగల్లోంచి వచ్చే గీతలు టీవీ లాంటి తెర మీద పరుగెడతాయి.

కనక పని ఆ గీతలతో కాదు. ప్లాస్టిక్ పెట్టెల్లోని తడిసిన రంపపు పొట్టు పారబోసి, పెట్టెలు కడిగి, కొత్త పొట్టు పోసి, మేత బిళ్ళలూ నీళ్ళ సీసాలూ పెట్టడం. ఉచ్చకంపు కళ్ళలోకి ఎక్కేది. మాస్కు వేసుకున్నా గొంతులో చేదు దిగేది. మొదటి వారం అన్నం ముందు కూర్చుంటే ముద్ద మింగుడుపడలేదు. తర్వాత అలవాటైంది. ఎలుకలంటే ఆమెకు ఏనాడూ అసహ్యం లేదు. అవి శుభ్రమైనవే, మనుషులు చేసిన పెట్టెలే ఇరుకు.

ఆమెకు రోత పుట్టించింది వేరే సంగతి. ఒక ల్యాబు వాళ్ళు ఎలుకలు కావాలని రాస్తారు. ఇక్కడ పెంచుతారు. ఈలోగా వాళ్ళకి డబ్బు రాలేదనో, మిషను పాడైందనో పని వాయిదా పడుతుంది. ఇంకో ల్యాబుకి ఇవ్వొచ్చు కదా అంటే, మా రకం వేరు అంటారు వాళ్ళు. ఎలుకలు పెద్దవవుతాయి. అప్పుడు మేనేజరు ఆదినారాయణ వచ్చి, “ఇవి ఓవర్ ఏజ్. తీసెయ్యండి” అంటాడు. గ్యాసు పెట్టెలో పెట్టి చంపడమే తీసెయ్యడమంటే. అలా ఏ మందుకూ ఏ లెక్కకూ పనికిరాకుండానే చచ్చేవి, పనికొచ్చి చచ్చేవాటి కంటే ఎక్కువ.

“తిండానికి కాదు, మందుకి కాదు. మరెందుకు పుట్టించినారు సార్?” అని ఒకసారి అడిగింది.

“షేర్డ్ ఫెసిలిటీ అంటే అంతే కనకా. అందరికీ అందుబాటులో ఉండాలంటే కొంత వేస్టవుతుంది” అన్నాడు ఆదినారాయణ. దిగువ మైదానం మనిషి. తెల్లచొక్కా నలగనివ్వడు. ఎలుకల గదుల్లోకి ఎప్పుడూ రాడు, అద్దంలోంచి చూస్తాడు.

చచ్చిన ఎలుకలను పసుపుపచ్చ సంచుల్లో కట్టి పెద్ద ఫ్రీజరులో పడేసేవాళ్ళు. వారానికోసారి ఒక కాంట్రాక్టరు వ్యాను ఘాటీ కొండదారి ఎక్కి వచ్చి, సంచులు దిగువకు తీసుకెళ్ళి, పెద్ద కొలిమిలో కాల్చేయాలి. ఆ ఏడు వానలు విపరీతంగా పడ్డాయి. కొండచరియ విరిగి ఘాటీ రోడ్డు మూసుకుపోయింది. వ్యాను రాలేదు. కరెంటు పోయింది. జనరేటరు బతికున్న ఎలుకల గదులకే సరిపోయింది గనక ఫ్రీజరు ఆపేశారు.

ఆ రోజుల గురించి చెబుతున్నప్పుడు కనక కొంగుతో ముక్కు మూసుకుంది. ఫ్రీజరు మూత కిందనుంచి గోధుమరంగు నీళ్ళు కారి, గచ్చు మీద పాకి, గుమ్మం దాకా వచ్చాయి. జిగటగా, చెప్పు ఎత్తితే సాగేలా ఉండేవి. సంచులు ఉబ్బిపోయాయి. కనకా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ ఆ నీళ్ళు గుడ్డలతో అద్ది బకెట్లలో పిండారు. ఒకామె వాంతి చేసుకుంది. దాన్నీ వాళ్ళే తుడిచారు. ఆదినారాయణ వరండా చివర రుమాలు అడ్డంపెట్టుకుని నిలబడి, “ఫినాయిల్ ఎక్కువ పొయ్యండమ్మా, ఎక్కువ పొయ్యండి” అని అరిచాడు.

రోడ్డు తెరుచుకున్నాక వ్యాను వచ్చింది. డ్రైవరు సంచులు చూసి మొహం చిట్లించి, గొణుక్కుంటూనే ఎక్కించుకుపోయాడు. పీడ వదిలిందనుకుంది కనక. ఆ వ్యాను కొలిమి దాకా పోలేదు. ఆ కంపుతో అంతదూరం బండి నడపలేక, ఘాటీ మలుపులో ఆగి, సంచులన్నీ లోయలోకి దొర్లించేశాడు డ్రైవరు. ఆ లోయలోంచి పారే వాగే కుసుంగూడ గెడ్డ.

ఊళ్ళో వాటిని మొదట చూసినవాడు బుధు. పెళ్ళాం పోయి ఒంటరిగా ఉండే ముసలాయన. ఊరి చివర గుడిసె. అడవిలో అడ్డాకులు కోసి, విస్తళ్ళు కుట్టి సంతలో అమ్ముతాడు. ఏ వేరు దేనికి పనిచేస్తుందో కాస్త తెలుసు గనక ఒళ్ళునొప్పులకీ కడుపునొప్పులకీ ఊరివాళ్ళు ఆయన దగ్గరికి వెళ్ళేవాళ్ళు. ఆకుల కోసం గెడ్డ వెంట ఎగువకు పోయినప్పుడు, చిరిగిన పసుపు సంచుల్లోంచి జారి, రాళ్ళ మధ్య ఇరుక్కున్న తెల్ల ఎలుకలు కనిపించాయి. కుళ్ళినవి, ఉబ్బినవి, కొన్నింటి నెత్తి మీద గులాబిరంగు గడ్డా, దాంట్లోంచి పొడుచుకొచ్చిన ఇనుమూ. ఆయనకు అవేమిటో తెలియదు. తెలిసిందొక్కటే. ఇది తాగే నీళ్ళు, పిల్లలు ఆడుకునే చోటు. కర్రతో గొయ్యి తవ్వి, అందినన్ని చేతులతో ఏరి పూడ్చాడు.

అడవినుంచి కట్టెలు మోసుకొస్తున్న ఆడవాళ్ళు చెట్ల చాటునుంచి అది చూశారు. తలలో మేకులు దిగిన తెల్ల ఎలుకలను బుధు గెడ్డ ఒడ్డున పాతిపెడుతున్నాడు. వాళ్ళు గట్టిగా మాట్లాడకుండా ఊళ్ళోకొచ్చి చెప్పారు. ఆ మర్నాడు మంగరాజు కుక్క అలాంటి ఎలుకనే నోట కరుచుకొచ్చి వాకిట్లో పడేసింది. మంగరాజు ఫల్గుణకు బాబాయి కొడుకు, కనకకు మరిది. అతనికి హారిక అని చిన్న కూతురుంది. ఆ వారమే పిల్లకు చలిజ్వరం పట్టుకుంది. జ్వరం తలకెక్కి, కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది.

ఇంక ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పనిలేకపోయింది. తలలో మేకులున్న ఎలుక, తల పట్టుకుని కొట్టుకుంటున్న పిల్ల. చిల్లంగి అన్నారు. కొండల్లో ఆ మాటకి చేతబడి అని అర్థం. ఆ మాట ఒక మనిషి మీద పడితే ఆ మనిషి బతికి బట్టకట్టడం కష్టం.

సాయంత్రం కనక పనినుంచి వచ్చేసరికి బుధును మంగరాజు పెరట్లో పనసచెట్టుకి కట్టేసి ఉంచారు. పెదవి చిట్లి గడ్డం మీద రక్తం ఎండిపోయింది. చేతులు వెనక్కి విరిచి నైలాను తాడుతో బిగించడంతో వేళ్ళు ఉబ్బి నల్లబడ్డాయి. ఎవరో మొహం మీద ఉమ్మేశారు. తుడుచుకునే వీలు లేక ఆ ఉమ్మి బుగ్గ మీదనుంచి జారుతోంది. ముందు పళ్ళెంలో, విస్తరాకు మీద, ఆ ఎలుక.

కనక దాన్ని చూడగానే పోల్చుకుంది. ఆ గులాబిరంగు సిమెంటు కలిపిన గిన్నెలు కడిగేది తనే.

“ఏటైనాది?” అని అడిగింది.

“ఈ ముసిలోడు నా గుంటకి చిల్లంగెట్టీసినాడు వదినా” అన్నాడు మంగరాజు. మనిషి ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాడు. “ఒప్పుకోమంటే ఒప్పుకోడు. తీసీమంటే తియ్యడు. పొద్దున్న పెద్దలొత్తారు. ఆళ్ళు ఏటి సెప్తే అది సేసీడమే.”

“నానేటి సేసినానురా? పాతినాను. అంతే. పిల్లలు ముట్టుకుంతారని పాతినాను” అన్నాడు బుధు. ఎవరో వీపు మీద తన్నారు.

కనక పెదవి కదిలింది. వెనకనుంచి ఫల్గుణ ఆమె మోచెయ్యి పట్టుకుని నొక్కాడు. “నోరెత్తకు. ఎలకలు నీయని తెలిత్తే ఆ సెట్టుకి నిన్ను కడతారు” అని చెవిలో అన్నాడు. ఆమె నోరెత్తలేదు. పిల్లను చూస్తానని లోపలికి వెళ్ళింది. నుదురు నిప్పులా కాలుతోంది. “ఇది మలేరియా జొరం లాగున్నాది. బేగి ఆస్పత్రికి తీసుకెల్లిపోవాల. ఆటో ఉన్నాది కదా” అని అరిచింది. మంగరాజు మొదట ఒప్పుకోలేదు, చిల్లంగికి సూదులు పనిచెయ్యవన్నాడు. పిల్ల తల్లి మాత్రం ఇంకో మాట వినకుండా పిల్లను భుజాన వేసుకుని ఆటో ఎక్కేసింది. ఫల్గుణ వాళ్ళను అరకు ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడినుంచి అంబులెన్సులో పాడేరు పంపించారు.

కనక అటునుంచి అటే మళ్ళీ కొండెక్కింది. ఆదినారాయణ ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు. దూరపు సంస్థల్లో ఒకదాన్నుంచి వచ్చి అక్కడే ఉంటున్న పరిశోధక విద్యార్థి జగదీష్ కూడా టీ తాగుతూ కూర్చున్నాడు. కనక రొప్పుతూ అంతా చెప్పింది. “మీరొచ్చి ఒక్క మాట సెప్పండి సార్. ఇయ్యి మా ఎలకలు, మందుకోసం సేసినయ్యి, పొరపాటున గెడ్డలో పడ్డాయనీసి. పెద్దోళ్ళు మీరు సెప్తే ఇంటారు.”

ఆదినారాయణ లేచి ముందు తలుపు వేశాడు. “చూడు కనకా. గేటు దాటాక ఆ సంచులతో మనకి సంబంధం లేదు. కాంట్రాక్టరు చూసుకోవాలి. ఇప్పుడు నేనొచ్చి మావే అంటే రేపు పోలీసులూ పేపర్లూ అందరూ ఇక్కడే ఉంటారు.”

“ముసిలాయన్ని సంపేత్తారు సార్.”

“వాళ్ళ ఆచారాల్లో మనం కలగజేసుకోకూడదు” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో జాలిలాంటిది కూడా కనిపించిందట. ఆ జాలిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళంతా చీదర పుడుతుందంది కనక.

ఆమె జగదీష్ వైపు తిరిగింది. అతను టీ కప్పు కింద పెట్టాడు. “అక్కా, మేము వాడేది తెల్ల సిమెంటు. గులాబీది మిగతావాళ్ళది” అన్నాడు. మిగతా రెండు ల్యాబులకూ అతనే ఫోన్ చేశాడు. ఒకరు మా ప్రాజెక్టు ఎప్పుడో అయిపోయిందన్నారు. ఇంకొకరు మా ఎలుకలకు అసలు టోపీలే పెట్టలేదన్నారు. కనక వింటూ నిలబడింది. కొన్నాళ్ళ కిందటి దాకా జగదీష్ కూడా గులాబి సిమెంటే వాడాడని ఆమెకు తెలుసు. ఆ సంగతి అతనికీ తెలుసు. అందుకే ఆమె కళ్ళలోకి చూడలేదు. బతికున్నప్పుడు ఏ పెట్టె ఎవరిదో చీటీలు అంటించి కొట్లాడుకున్నవాళ్ళు, చచ్చిన ఎలుకను ముగ్గురిలో ఒక్కరూ మాదనలేదు.

మర్నాడు తెల్లవారగానే కనక మామూలుగా డ్యూటీకి వెళ్ళింది. నెత్తిన గులాబిరంగు టోపీ ఉన్న ఎలుకలు లోపలి గదిలో ఇంకా కొన్ని మిగిలాయి. వాటిలో ఒకదాన్ని పెట్టెతో సహా ఎత్తి చంకన పెట్టుకుని వరండా వెంట నడిచింది. దాచలేదు. ఆదినారాయణ అద్దంలోంచి చూసి పరుగెత్తుకొచ్చాడు. “ఏం చేస్తున్నావ్? బయటికి తీసుకెళ్ళకూడదు! రూల్సు తెలుసా నీకు?”

“గెడ్డలోకి ఎల్లినయ్యి కదా సార్. ఇదీ ఎల్తాది” అంది.

అతను చెయ్యి పట్టుకోబోయి, పెట్టె లోపల కదులుతున్న ఎలుకను చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గేటు బయట ఫల్గుణ ఆటో ఆగి ఉంది. రాత్రంతా ఆస్పత్రిలో ఉండి వచ్చిన మనిషి. పిల్లకు తలకెక్కిన మలేరియా అని డాక్టర్లు తేల్చారని, సెలైన్లో మందు ఎక్కిస్తున్నారని చెప్పాడు. పెళ్ళాం చంకలో పెట్టె చూసి, వెనక సీటు మీది దుప్పటి పక్కకు జరిపాడు. “ఎక్కు” అన్నాడు.

మంగరాజు పెరట్లో పెద్దలు చేరారు. కనక తిన్నగా వెళ్ళి, పళ్ళెంలో కుళ్ళిన ఎలుక పక్కన ఆ పెట్టె దించి మూత తీసింది. బతికున్న తెల్ల ఎలుక ముందు కాళ్ళతో మేత బిళ్ళ పట్టుకుని కొరుకుతోంది. దాని నెత్తి మీద అదే గులాబిరంగు గడ్డ, అవే మరలు. ఆడవాళ్ళు పిల్లలను వెనక్కి లాక్కున్నారు.

“నాను ఆస్పత్రిలో సెయ్యను” అంది కనక. “ఎలకల కాడ సేత్తాను. కొండమీద మేడ నిండా ఇయ్యే. తల కోసి మేకులెట్టేది డాట్రులు. ఆటి పెంట ఎత్తేది నాను. సచ్చినాక సంచీలో కట్టేది నాను. ఆ సంచీలే గెడ్డలో పారేసినారు. బుధు తాతకి ఏటీ తెల్దు. ఇది చిల్లంగి అయితే నన్ను కట్టండి.”

ఒక పెద్దాయన వంగి ఎలుకను చూసి, మళ్ళీ కుళ్ళినదాన్ని చూసి, వాంతి వచ్చినట్టు మొహం పెట్టి లేచాడు.

“తలలో మేకులెందుకు?” అన్నాడు మంగరాజు.

“మూర్ఛ ఎక్కడినుంచి లేత్తాదో సూడ్డానికి. దీనికి మూర్ఛ తెప్పిత్తారు. మందేసి ఆగిందా నేదా అని సూత్తారు. ఆగితే ఆ మందు మనుసులకిత్తారు.”

“మా గుంట కొట్టుకున్నట్టేనా?”

“అలాగే.”

మంగరాజు ఆమెను ఎగాదిగా చూశాడు. ఇన్నాళ్ళూ తన ఇంట్లో అన్నం తిన్న వదినని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. “ఆ సేతుల్తోనే నా పిల్లకి అన్నం తినిపించినావు” అన్నాడు. తర్వాత అతనే వెళ్ళి బుధు కట్లు విప్పాడు. తాడు ఒరుసుకుపోయిన చోట తోలు లేచి వచ్చింది. బుధు నిలబడలేక చెట్టుకి ఆనుకుని జారి కూర్చున్నాడు. క్షమించమని ఎవరూ అనలేదు. ఒకావిడ మాత్రం చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆ నీళ్ళు గెడ్డవని గుర్తొచ్చి ఆయన చెంబు పక్కకు నెట్టేశాడు.

మధ్యాహ్నానికి ఊరంతా మేడ గేటు ముందుకు చేరింది. పసుపు సంచులను కర్రలకు గుచ్చి తెచ్చి గేటు లోపలికి విసిరేశారు. ఒకటి పగిలి తెల్లచొక్కా మీద చింది పడింది. అప్పుడు ఆదినారాయణకి మాట పెగిలింది. కాంట్రాక్టరును తిట్టాడు, డ్రైవరును తిట్టాడు, లోయ మొత్తం శుభ్రం చేయిస్తానని దణ్ణం పెట్టాడు. మండలంనుంచి అధికారులొచ్చారు. పంచనామాలు, ఫొటోలు అయ్యాయి. గెడ్డ శుభ్రం చేయడానికి చేతికి తొడుగులిచ్చి పంపింది మళ్ళీ కుసుంగూడ మగవాళ్ళనే. కాంట్రాక్టరు మారాడు. మేడ మూతపడలేదు.

ఆ పెట్టెలో ఎలుక సంగతి కూడా చెప్పాలి. బయటికి వెళ్ళినది తిరిగి లోపలికి రావడానికి వీల్లేదు, మిగతావాటికి రోగాలొస్తాయి. జగదీష్ ఆ మాట నేలచూపులు చూస్తూ చెప్పాడు. కనక తనే దాన్ని గ్యాసు పెట్టెలో పెట్టింది. వేరేవాళ్ళ చేతికి ఇవ్వలేదు.

హారిక బతికి బయటపడింది. బుధు ఊళ్ళో ఉండలేదు. జి.మాడుగుల దగ్గర ఒక ఊళ్ళో ఉన్న కూతురింటికి వెళ్ళిపోయాడు. పిల్ల కోలుకున్నాక మంగరాజు ఆయన్ని తిరిగి తీసుకొస్తానని బయల్దేరాడు. ఒక్కడే వెళ్ళడానికి మొహం చెల్లక కనకను తోడు రమ్మన్నాడు. అప్పటికి ఊళ్ళో ఆడవాళ్ళు ఆమె చేతి నీళ్ళు తాగడం మానేశారు. అయినా వెళ్ళింది.

వాళ్ళు వెళ్ళేసరికి బుధు అంబలి తాగుతున్నాడు. అడ్డాకును దొన్నెలా మడిచి, ఎడంచేత్తో నోటికి ఎత్తుకుంటున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో ఊరికే పెట్టుకున్నాడు. గాయం మానిపోయింది కదా తాతా అంది కనక.

“మానిపోనాది. కంపు పోలేదే గుంటా” అన్నాడు. “ఈ సేత్తో ఏరినాను కదా. ఎంత తోమినా పోలేదు. ముద్ద నోటికాడికి తెత్తే అదే కంపు.”

మంగరాజు ఆయన కాళ్ళ మీద పడ్డాడు. బుధు కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. “నీ పిల్ల బాగున్నాది కదా. సాలు. ఎల్లండి” అన్నాడు. కోపంగా కాదు. చెప్పులో ముల్లు తీసి పారేసినంత మామూలుగా. తిరిగి వస్తున్నప్పుడు జీపులో మంగరాజు పక్కన కూర్చోవడానికి కూడా కనకకు మనసొప్పలేదు. అతన్ని చూస్తే ఆ ఉమ్మి గుర్తొచ్చేది. తనను తలుచుకుంటే, ఫల్గుణ మోచెయ్యి నొక్కగానే నోరుమూసుకున్న ఆ సాయంత్రం గుర్తొచ్చేది.

ఆ తర్వాత కూడా కొన్ని నెలలు పనిచేసింది. ఊరు మళ్ళీ గేటు ముందుకొస్తుందని ఆదినారాయణ ఆమెను మానిపించలేదు. కొత్త మనిషిని పెట్టుకునే దాకా ఎలుకలకు నీళ్ళు పెట్టేవాళ్ళుండరని ఆమే చేసింది. ఆ చలికాలంలో మూడు సంస్థల పెద్దలూ కార్లలో వచ్చారు. హాల్లో పూలగుత్తులు పెట్టారు, కాఫీ ఇచ్చారు. ఆదినారాయణ తెర మీద బొమ్మలు చూపిస్తూ ఇంగ్లీషులో మాట్లాడాడు. ఒక బొమ్మలో కనక ఉంది. మంగరాజు పెరట్లో, పెట్టె ముందు నిలబడి, చెయ్యి చాపి మాట్లాడుతున్నప్పటిది. ఎవరో ఫోనులో తీసింది అతని చేతికెలా వచ్చిందో మరి. తర్వాత తెలుగులోకి మారి, “మూఢనమ్మకాలతో ఉన్న గిరిజన గ్రామంలో మా సంస్థ తరఫున శాస్త్ర విజ్ఞానం గురించి అవగాహన కల్పించిన మన కనక” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. జగదీష్ కూడా కొట్టాడు.

శాలువా కప్పడానికి ఆమెను పిలిచారు. కనక లేచి నిలబడింది. ఆదినారాయణ శాలువా విప్పి దగ్గరికొచ్చాడు. అతని సెంటు వాసన, హాల్లో కాఫీ వాసన, తలుపు అవతలినుంచి సన్నగా వస్తున్న ఉచ్చకంపు, అన్నీ కలిసి ముక్కుకి కొట్టాయి.

“ఆ రోజు తలుపేసుకున్నది మీరే కదా సార్” అంది. మామూలు గొంతుతోనే. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఒకాయన ఏమిటన్నట్టు పక్కనున్నాయన వైపు చూశాడు. ఆదినారాయణ నవ్వు చెదరకుండా శాలువా ఆమె భుజం మీద వేసేశాడు. కనక దాన్ని తీసి మడత పెట్టలేదు, విసిరేయలేదు. కుర్చీ వీపు మీద వదిలేసి బయటికి నడిచింది. వరండాలోకి రాగానే గోడవారన వంగి భళ్ళున వాంతి చేసుకుంది. ఈసారి తుడవలేదు. వరండా దిగి, గేటు దాటి వెళ్ళిపోయింది.

ఇప్పుడామె ఒక కాఫీ తోటలో పళ్ళు కోస్తుంది, రాగి చోళ్ళు పండిస్తుంది. కుసుంగూడలో ఎలకల కనక అంటారు. ముందు ఎగతాళిగా అనేవాళ్ళు, ఇప్పుడు ఊరికే అంటున్నారు. మేడలో ఇప్పుడు ఎవరు పనిచేస్తున్నారని అడిగితే, తెలియదంది. వ్యాను మాత్రం వారం వారం ఘాటీ దిగడం చూస్తున్నానంది. అది మలుపులో ఆగుతుందేమోనని అప్పుడప్పుడూ తోటగట్టు మీద నిలబడి, కనుమరుగయ్యే దాకా చూస్తుందట.